రెండు గ్రిడ్‌ల డేటాని కలిపి మ్యాప్ గీయడం ఎలా?

ప్రశ్న: ఉపగ్రహాల నుంచి వచ్చే ఐమెర్జ్ వర్షపాతం 0.1 డిగ్రీల గ్రిడ్‌లో ఉంది, వాతావరణ మోడల్‌తో పాత వాతావరణాన్ని లెక్కగట్టిన ఇరా5 డేటా 0.25 డిగ్రీల్లో. రెంటి మధ్య తేడా చూపే మ్యాప్ కావాలి. ఇరా5ని కూడా 0.1కి మార్చేయమని ఫ్రెండ్ అంటున్నాడు, మ్యాప్ నున్నగా బాగానే వస్తోంది. చేయొచ్చా?

జవాబు: వద్దండి. అలా నున్నగా రావడమే చిక్కు. ఇరా5 మోడల్ గ్రిడ్ సుమారు 31 కిలోమీటర్లు, దాన్ని ఎంత సన్నగా కోసినా కొత్త సమాచారం పుట్టదు, చూసేవాళ్లు మాత్రం పది కిలోమీటర్ల వివరం ఉందని నమ్మేస్తారు. తేడా లెక్కగట్టాలంటే ముతక గ్రిడ్‌కే రావాలి, ఐమెర్జ్‌నే 0.25కి తెండి. వర్షం రంగుల్లో, పీడనం గీతల్లో ఒకదాని మీద ఒకటి పరిచి చూడటమే పని అయితే అసలు ఏదీ మార్చక్కర్లేదు, దేని అక్షాంశ రేఖాంశాలతో దాన్ని గీయండి చాలు.

ఎలా మార్చాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. అలవాటుగా బైలీనియర్ (చుట్టూ ఉన్న నాలుగు బిందువుల నుంచి విలువ అంచనా కట్టే పద్ధతి) పెట్టేస్తారు, ఉష్ణోగ్రతకి అది ఫర్వాలేదు, వర్షానికి కాదు. ఒక 0.25 గడి విస్తీర్ణంలో 0.1 గడులు ఆరుంపావు పడతాయి, బైలీనియర్ నాలుగింటినే చూస్తుంది, కుండపోత మిగతా వాటిలో కురిసి ఉంటే అది లెక్కలోకే రాదు! కన్సర్వేటివ్ పద్ధతి అయితే ఏ గడి ఎంతమేర లోపలికి వస్తే అంత బరువిచ్చి సగటు తీస్తుంది, కాబట్టి మొత్తం నీరు తగ్గదు, పెరగదు. సీడీఓ అనే వాతావరణ డేటా టూల్‌లో రీమ్యాప్‌కాన్ కమాండ్, పైథాన్‌లో ఎక్స్‌ఈఎస్‌ఎంఎఫ్ లైబ్రరీ ఈ పని చేస్తాయి, గడుల మధ్యబిందువులతో పాటు అంచులూ ఇవ్వాలి.

అంతకన్నా ముందు యూనిట్లు చూసుకోండి. ఇరా5 వర్షం మీటర్లలో, ఆ సమయానికి ముగిసే గంట మొత్తం. ఐమెర్జ్ అరగంటకొకటి, గంటకి ఇన్ని మిల్లీమీటర్లని. అంటే ఇరా5లో 06:00 విలువని వెయ్యితో గుణించి, ఐమెర్జ్‌లో 05:00, 05:30కి మొదలయ్యే రెండు అరగంటల సగటుతో పోల్చాలి. రేఖాంశాలు ఒకదాంట్లో 0 నుంచి 360, ఇంకోదాంట్లో మైనస్ 180 నుంచి 180 ఉంటాయి, సరిచేయకపోతే సగం మ్యాప్ ఖాళీగా వస్తుంది. డేటా లేనిచోట ఉండే మైనస్ 9999.9ని తీసేయకుండా సగటు తీస్తే చుట్టుపక్కల గడులన్నీ పాడవుతాయి.

ఇక అడవి, పొలం, నీరు లాంటి భూవినియోగ కోడ్‌లని ఎప్పుడూ సగటు చేయకండి. 2కీ 4కీ సగటు 3 అంటే అక్కడ లేని ఇంకో రకం నేల వచ్చిపడుతుంది, వాటికి ఆ గడిలో ఎక్కువ భాగం ఏ కోడ్ ఉందో అదే తీసుకోవాలి.