ఏజెన్సీ మండలాల్లో గాయాలు తక్కువగా కనిపిస్తే

ఆరోగ్యశ్రీ క్లెయిముల్లో ఏజెన్సీ మండలాల గాయాల రేటు మైదాన ప్రాంతం కంటే తక్కువ వచ్చిందన్నారు కదండీ. అక్కడి జనం క్షేమమని మాత్రం దయచేసి మీ నివేదికలో రాయకండి. అది ఆస్పత్రి దాకా చేరినవాళ్ల లెక్క. దారిలోనే చనిపోయినవాళ్లు, నాటువైద్యుడి దగ్గర కట్టు కట్టించుకున్నవాళ్లు అందులో ఉండరు.

ముందు తొడ ఎముక విరిగిన కేసులు విడిగా తీయండి. ఆస్పత్రికి వెళ్లక తప్పని గాయం కాబట్టి ఆస్పత్రి దూరం ప్రభావం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. వాటిని 108 కాల్స్‌తో, మరణాల నమోదుతో పోల్చండి. రేటు కట్టేటప్పుడు గాయాల సంఖ్యను భాగించేది మొత్తం జనాభాతో కాదు, పథకం వర్తించే కుటుంబాల జనాభాతో, వయసులవారీగా.

జబ్బులకు, గాయాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కోడ్ల జాబితా ఐసీడీ-10లో ఎస్ కోడ్ ఏ ఎముక విరిగిందో చెబుతుంది. ఎలా విరిగిందో చెప్పేవి వి, డబ్ల్యూ, ఎక్స్, వై కోడ్లు. అవి ఏ మండలాల్లో ఎక్కువ ఖాళీగా ఉన్నాయో కూడా చూడండి.