మొక్కల పరిణామం, విస్తృతిపై పనిచేసే వృక్షశాస్త్రవేత్త ఉద్యోగం ఎలా ఉంటుంది?

అడవుల్లో తిరగడమే పనా అని అడిగారు. అది కొంతే, ఎక్కువ కాలం హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోటు), ల్యాబ్‌లో, కంప్యూటర్ ముందు గడుస్తుంది. కానీ ఫీల్డులో చేసిన తప్పును ల్యాబ్‌లో సరిదిద్దలేం.

పువ్వో కాయో ఉన్న కొమ్మను న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, ప్రెస్‌లో బిగించి ఆరబెట్టాలి. ఒక ఆకునైనా తిరగేసి పెట్టాలి, నూగూ ఈనెలూ వెనకవైపే బాగా తెలుస్తాయి. పువ్వు రంగు, వాసన, చెట్టు ఎత్తు అక్కడికక్కడే రాసుకోవాలి. డీఎన్‌ఏ కోసం లేత ఆకు ముక్కను, దాని బరువుకు 10 రెట్లు సిలికా జెల్ (తేమను పీల్చే గింజలు) వేసి, విడిగా ఉంచాలి. ఒక రోజులో పెళుసుగా ఎండకపోతే డీఎన్‌ఏ ముక్కలైపోతుంది.

తర్వాత డీఎన్‌ఏ వరుసలతో వంశవృక్షం గీసి, శిలాజాలతో దానికి కాలం కడతారు. శిలాజం చెప్పేది కనీస వయసే. దాన్నే పుట్టిన తేదీ అనుకుంటే లెక్కంతా తప్పుతుంది. బంధువులైన రెండు జాతులు ఖండాలు విడిపోయిన చాలాకాలానికి వేరుపడ్డాయని తేలితే, విత్తనాలు సముద్రం దాటి ఉండే అవకాశం ఎక్కువ. ఈ పనిలో నిజమైన ఆనందం ఇక్కడే.

మొక్క ఎక్కడెక్కడ పెరుగుతుందో చూపే విస్తృతి మ్యాపుల్లో, అక్షాంశం ముందు దక్షిణార్ధగోళాన్ని సూచించే మైనస్ గుర్తు పోతే మొక్క ఏ సముద్రంలోనో తేలుతుంది. అందుకే ప్రతి రికార్డునూ సరిచూడాలి.

చదువు ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. దాంతోపాటు గణాంకాల విశ్లేషణకు వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్ నేర్చుకోండి.