జేబులో పెట్టిన ఐదొందలు

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామంలో వందనాలు. మాది చిత్తూరు దగ్గర పల్లె. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర టోకెన్లు రాస్తాను. జీతం 14,000. సీజన్లో ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలబడిపోతాయి. ముందు పంపమని రైతులే 500 తెచ్చి జేబులో పెడతారు. నేనెవర్నీ అడగను, వాళ్లే ఇష్టపడి ఇస్తారు. మా గేటులో తీసుకోనివాళ్లు లేరు. పాప స్కూలు ఫీజు ఆ డబ్బుతోనే కట్టాను. అందులో దశమభాగం మాత్రం తప్పకుండా మందిరంలో వేశాను. అయినా మనసు కుదుటగా లేదు. పొద్దున్నే ప్రార్థన చేసుకునే బయల్దేరతాను, సాయంత్రానికి జేబులో నోటు ఉంటుంది. ఉపవాసం ఉండమన్నారు పాస్టరుగారు, ఉన్నాను. ఈ శోధనను జయించే శక్తి నాకెందుకు రావడం లేదు?
– పేరు వేయొద్దు, చిత్తూరు

జవాబు: తమ్ముడూ, నేను చెరకు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా చేసి రిటైరయినవాణ్ణి. మీరు చెప్పే గేటు నాకు కొత్త కాదు. మీకు మామిడి, మాకు చెరకు. మా దగ్గర కటింగ్ ఆర్డరు, అంటే చెరకు కొట్టుకోమని ఫ్యాక్టరీ ఇచ్చే చీటీ, ముందు ఇప్పించమని వచ్చేవాళ్లు. కోతకొచ్చిన చెరకు పొలంలోనే ఎండిపోతే బరువు తగ్గిపోతుంది, రైతుకు ఆ భయం. మీ దగ్గర ట్రాలీలో అడుగున ఉన్న కాయ నలిగి రసం కారుతుంటే ఆయనకు టెన్షన్. ఆ భయంలోంచి వచ్చే నోటును 'ఇష్టపడి ఇచ్చారు' అనుకోవడం దగ్గరే మీకూ నాకూ పేచీ.

2025 సీజన్ గుర్తుంది కదా. తోతాపురి రకం మామిడికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దానిమీద ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించారు. ఆ 8 కూడా చేతికి రాలేదని మొత్తుకున్న రైతులు ఎంతమందో మీకు నాకంటే బాగా తెలుసు. 8 వచ్చిందనే అనుకుందాం. మీ జేబులో పెట్టిన 500 అంటే 60 కిలోల పైచిలుకు కాయలు. కోత కూలి, ట్రాక్టరు బాడుగ పోగా ఆయనకు మిగిలేదెంత? అందులోంచి ఇస్తున్నాడు. ఇస్తూ నవ్వుతాడు కూడా. ఆ నవ్వు చూసి సంతోషంగా ఇచ్చాడనుకోకండి.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. లంచం చూపున్నవాడికి గుడ్డితనం కలగజేస్తుందని నిర్గమకాండం 23వ అధ్యాయంలో ఉంది. చాలాకాలం ఆ మాట జడ్జీలకూ ఆఫీసర్లకూ అనుకునేవాణ్ణి. కాటా దగ్గర కూర్చున్నాక తెలిసింది, అది గుమాస్తాకూ వర్తిస్తుందని. డబ్బిచ్చిన మనిషి మొహం మీకు కనిపిస్తుంది. వరసలో పద్నాలుగో ట్రాక్టరు కింద తువ్వాలు పరుచుకుని పడుకున్నవాడు కనిపించడు. ఆయనకు ఇంకో పూట ఆలస్యమయింది, ఎందుకయిందో ఆయనకు తెలియదు. మీ ఉత్తరంలో కూడా ఆయన లేడు, చూడండి. మీరు, పాప, ఇచ్చిన రైతు, పాస్టరుగారు, అందరూ ఉన్నారు.

ఇక శక్తి రావడం లేదన్నారు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు శిష్యులతో, శోధనలో పడకుండా మెలకువగా ఉండి ప్రార్థన చేయండి అన్నాడు. మీరు ప్రార్థన చేస్తున్నారు, ఉపవాసం కూడా ఉంటున్నారు, చాలా మంచిది. కానీ మెలకువ సంగతి వదిలేశారు. నోటు జేబులో పడే క్షణంలో పైనుంచి బలం దిగివచ్చి చెయ్యి పట్టుకుంటుందని చూస్తున్నారు. దానియేలు ఏం చేశాడు? బబులోను రాజుగారి భోజనం పళ్లెంలోకి వచ్చాక ఆలోచించలేదు. తినకూడదని ముందే నిశ్చయించుకున్నాడు. నిశ్చయించుకుని ఊరుకోలేదు, తమమీద ఉంచిన మనిషి దగ్గరికెళ్లి పది రోజులు కూరగాయలు పెట్టి చూడండయ్యా అని మర్యాదగా ఏర్పాటు చేసుకున్నాడు. మీక్కావలసింది ఆ ఏర్పాటు.

నేను చేసింది చెబుతాను, నవ్వకండి. చొక్కాలకు జేబు పెట్టొద్దని టైలరుకు చెప్పాను. పెన్ను ఎక్కడ పెడతారు సార్ అన్నాడు. చెవి మీద పెట్టుకుంటాలే అన్నాను. చేతికి ఇవ్వబోతే చెయ్యి ముడుచుకోవచ్చు. జేబులో కుక్కేసి పరిగెత్తే మనిషిని ఏం చేస్తాం? ట్రాలీల వెనకాల పరిగెత్తి తిరిగిచ్చే ఓపిక ఎవరికీ ఉండదు, అక్కడే అందరం ఓడిపోతాం. జేబు లేకపోయేసరికి సగం మంది మానేశారు.

మిగతా సగానికి బోర్డు. కటింగ్ ఆర్డర్లు వరసగా సుద్దముక్కతో రాసి, కాటా గది బయట పెట్టేవాణ్ణి. తర్వాత ఎవరైనా ముందు పంపమంటే, 'బోర్డు మీద ఉందన్నా, ఇప్పుడు మారిస్తే వెనకున్నవాళ్లు నన్ను తంతారు' అనేవాణ్ణి. అది నిజం కూడా. మీకైతే ఇంకా తేలిక. ప్రతి టోకెనుకూ నంబరు, వచ్చిన టైము రాయండి. గంటకోసారి ఆ పేజీ ఫొటో తీసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. గేటు దాటి ట్రాక్టర్ల దగ్గరికి నడవకండి, కిటికీలోంచే రాసివ్వండి. శోధనతోపాటు తప్పించుకునే మార్గం కూడా దేవుడు ఏర్పాటు చేస్తాడని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ మార్గం ఎప్పుడూ ఆకాశంలో తెరుచుకోవాలని లేదు.

తోటివాళ్ల సంగతి. వాళ్లకు నీతులు చెప్పకండి, మొదటి రోజే మేనేజరు దగ్గరికి పితూరీ తీసుకెళ్లకండి. 'నా వాటా నాకొద్దు' అనండి చాలు. మొదట్లో వేళాకోళం చేస్తారు, తర్వాత అనుమానపడతారు, ఆ తర్వాత వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు. మిమ్మల్ని గేటు నుంచి తీసి గోడౌన్లో వేసే ప్రమాదం కూడా ఉంది. నన్నూ ఒక సీజన్ అలాగే మార్చారు, అక్కడ ఫ్యాను కూడా లేదు. దేవుడు కాపాడతాడులే అని తేలిగ్గా చెప్పి మిమ్మల్ని పంపించను. కాపాడాడు, కానీ ఆ ఎండాకాలం నాకింకా గుర్తుంది.

దశమభాగం గురించి మీరు అడగలేదు, కానీ రాశారు. కాబట్టి చెప్పక తప్పదు. పదో వంతు మందిరంలో వేస్తే మిగతా తొమ్మిది వంతులు శుభ్రమైపోవు. యెరికోలో పన్ను వసూలుచేసే సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నది ఎవరిదైతే వాళ్లకు నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మీకు నాలుగంతలు కుదరకపోవచ్చు. టోకెను పుస్తకంలో ఫోన్ నంబర్లు ఉంటాయిగా. నెలకు ఒకరిద్దరికి చొప్పున పంపించండి. ఫీజు విషయం మాత్రం మీ భార్యతో కూర్చుని మాట్లాడండి. ఈ డబ్బు ఎక్కడిదో ఆమెకు తెలుసో లేదో మీ ఉత్తరంలో లేదు. తెలియకపోతే ఈ రాత్రే చెప్పండి, స్కూల్లో వాయిదాలు అడుగుదాం అని ఆమే అంటుందేమో. బాప్తిస్మమిచ్చే యోహాను సుంకరులకు చెప్పింది, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దని. సైనికులకు చెప్పింది, జీతంతో తృప్తిపడమని. ఉద్యోగం మానేయమని ఇద్దరికీ చెప్పలేదు. మీకూ నేను చెప్పను. వచ్చే జూన్‌లో ఆ గేటు దగ్గరే ఉండండి.

ప్రశ్న: మహిళా కూటంలో ప్రార్థన అంశాలు చెప్పుకునేటప్పుడు, ఒక చెల్లెలి కాపురం సంగతి రోజూ వస్తోంది. ప్రార్థన రెండు నిమిషాలు, మాటలు గంట. వినకూడదనుకుంటూనే వింటున్నాను. ఏం చేయమంటారు?
– ఒక సహోదరి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, వినకూడదనుకుంటూ వినడం ఎంత రుచిగా ఉంటుందో మగవాళ్లకూ తెలుసు, టీ కొట్టు దగ్గర మేము చేసేదీ అదే. కట్టెలు లేకపోతే మంట ఆరిపోతుందని సామెతల్లో ఉంది. మీరు ఒక్క కట్టె తీసేయండి చాలు. ఈసారి ఆ పేరు రాగానే, 'ఆ అమ్మాయిని అడిగే చెబుతున్నామా అక్కా?' అనండి. కోపంగా కాదు, మామూలుగా. ఆ పూటకు మిమ్మల్ని గర్విష్ఠి అనుకోవచ్చు. ఆమె కోసం ప్రార్థించాలని నిజంగా ఉంటే, ఆమె ఇంటికే వెళ్లండి. ముందు ఆమె చెప్పేది వినండి. చెప్పకపోతే కాఫీ తాగి రండి.