ఆగితే వేడెక్కే బండి: కరెంటు ఫ్యాన్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా పాత అంబాసిడర్‌లో 1489 సీసీ పెట్రోలు ఇంజను అరిగిపోవడంతో రెండేళ్ల కిందట 1817 సీసీ ఇసుజు పెట్రోలు ఇంజను వేయించి, ఆర్‌సీలో కూడా ఎక్కించుకున్నాను. తరువాత ఏసీ పెట్టించాను. ఏలూరు నుంచి విజయవాడ వచ్చేదాకా టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే ఉంటుంది గాని, బెంజి సర్కిల్ దగ్గర పది నిమిషాలు ట్రాఫిక్‌లో ఆగితే ఎర్ర గీత దాకా పోతోంది. బెల్టుతో తిరిగే ఫ్యాన్ తీసేసి కరెంటు ఫ్యాన్ పెట్టుకోమని అందరూ అంటున్నారు. ఏ సైజు తీసుకోవాలి, ఎన్ని డిగ్రీలకు తిరగాలి, వైరింగ్ ఎలా ఉండాలి? నా రేడియేటర్ జాలీ 19 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ఉంది.
– ఏలూరు పాఠకుడు

జవాబు: హైవే మీద ముల్లు కదలడం లేదు, ఆగినప్పుడే పైకి పోతోంది అన్నారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట అదే. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది, అప్పుడు ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. బండి ఆగినప్పుడు గాలి లాగవలసింది ఫ్యాన్ ఒక్కటే. బెల్టు ఫ్యాన్ ఇంజనుతో పాటే తిరుగుతుంది కాబట్టి, ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజను మాత్రం నడుస్తున్నప్పుడు), సరిగ్గా గాలి ఎక్కువ కావలసిన సమయంలోనే, అది అన్నిటికన్నా నెమ్మదిగా తిరుగుతుంది. దానికి తోడు మీ ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) రేడియేటర్ ముందు నిలబడి, తన వేడిని కూడా వెనక్కి పంపుతోంది. కాబట్టి మీ విషయంలో కరెంటు ఫ్యాన్ సరైన మందే. హైవే మీద కూడా ముల్లు ఎక్కుతూ ఉంటే మాత్రం ఫ్యాన్ కొనవద్దనే చెప్పేవాణ్ణి. అప్పుడు మూసుకుపోయిన రేడియేటర్‌ను, వాటర్ పంపును, ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్కు పడే వేళను), హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజను హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలును) అనుమానించాలి.

అయినా ఫ్యాన్ కొనే ముందు రెండు విషయాలు చూసుకోండి. మొదటిది, ఇన్నేళ్లుగా రేడియేటర్‌లో ఏ నీళ్లు పోశారన్నది. మన ప్రాంతపు బోరు నీళ్లతో టీ గిన్నెకు ఎంత గార పడుతుందో మీకు తెలుసు. ఆ గారే రేడియేటర్ గొట్టాల లోపలా, బ్లాకులో నీళ్లు తిరిగే దారుల్లోనూ పేరుకుంటుంది. ఇంజను బాగా వేడెక్కాక ఆపేసి, జాలీ మీద అరచెయ్యి కొంచెం ఎడంగా ఉంచి అటూ ఇటూ కదపండి. మధ్యలో ఎక్కడైనా చల్లగా తగిలితే అక్కడి గొట్టాలు మూసుకుపోయాయని అర్థం. అలాంటి రేడియేటర్‌ను ముందు రాడింగ్ చేయించండి, అంటే ట్యాంకు విప్పి గొట్టాల్లో చువ్వ దూర్చి గార తీయించండి. ఆ తరువాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపే పొయ్యండి. రెండవది, ఇంజనులో థర్మోస్టాట్ వాల్వు (నీళ్లు తగినంత వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచేది) ఉందా లేదా అన్నది. బండి వేడెక్కుతోందని చెప్పగానే వాల్వు పీకేసే అలవాటు మన వర్క్‌షాపుల్లో చాలా చోట్ల ఉంది. వాల్వు లేకపోతే ఉదయం పూట ఇంజను వేడెక్కడానికి ఆలస్యమవుతుంది, పెట్రోలు వృథా అవుతుంది, ఫ్యాన్ స్విచ్‌ను ఎన్ని డిగ్రీలకు ఎంచుకోవాలో తేల్చడానికి ఆధారం కూడా ఉండదు. 82 డిగ్రీల వాల్వు వేయించండి. ఆ అంకె వాల్వు మీదే ముద్రించి ఉంటుంది.

ఇక సైజు సంగతి. మీ జాలీ మొత్తం 304 చదరపు అంగుళాలు. 14 అంగుళాల ఫ్యాన్ తిరిగే వృత్తం దాదాపు 154 చదరపు అంగుళాలు, అంటే సగం. ఫ్యాన్‌ను జాలీకి ఆనించి బిగిస్తే ఆ సగంలోంచే గాలి పోతుంది, మూలలు నాలుగూ వేడిగానే ఉండిపోతాయి. అందుకే ఫ్యాన్ ఎంత పెద్దదన్న దానికన్నా, దాని చుట్టూ ఉండే ష్రౌడ్ (గాలిని ఫ్యాన్ వైపు మళ్లించే తొడుగు) జాలీని మొత్తం కప్పుతోందా లేదా అన్నదే ఎక్కువ ముఖ్యమని నేను నమ్ముతాను. అంచుల దగ్గర గాలి చొరబడకుండా రబ్బరు బీడింగ్ అతికించి, రెక్కలకూ జాలీకీ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉంచి, 14 అంగుళాల ఫ్యాన్‌ను ష్రౌడ్‌తో పెట్టుకుంటే, ష్రౌడ్ లేని 16 అంగుళాల ఫ్యాన్ కన్నా బాగా పని చేస్తుంది. పాత సామాన్ల అంగడిలో కొనేటట్లయితే, ఏసీ ఉన్న, మీ ఇంజనుకు దగ్గరి పరిమాణం గల కారు ఫ్యాన్‌ను దాని సొంత ష్రౌడ్‌తో సహా తీసుకోండి. మారుతి 800 ఫ్యాన్ చవకగా దొరుకుతుంది గాని, అది 796 సీసీ ఇంజనుకు సరిపడా చేసినది.

ఫ్యాన్‌ను రేడియేటర్ పైకీ కిందికీ పోయే ఇనుప పట్టీలకు బోల్టులతో బిగించాలి. జాలీ గుండా ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి బిగించే కిట్లు అమ్ముతున్నారు. బండి అదిరినప్పుడల్లా అవి గొట్టాలను రాచి, కొన్ని నెలల్లో చిల్లులు వేస్తాయి. బ్రేకు పడినప్పుడు ఇంజను తన మౌంటింగుల మీద ముందుకు ఊగుతుంది, కాబట్టి వాటర్ పంపు ముక్కుకూ ఫ్యాన్ మోటారు వీపుకూ మధ్య బొటనవేలు దూరేటంత చోటు వదలండి. ఇక్కడే చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. పాత ఫ్యాన్‌నూ పుల్లీనీ పట్టి ఉంచేవి చాలా బండ్లలో ఒకే బోల్టులు. ఫ్యాన్ తీసేశాక అవే బోల్టులు తిరిగి బిగిస్తే, రెక్కల దిమ్మ మందం మేర పొడవు మిగిలిపోయి, వాటి కొసలు వెనక పంపు బాడీకి తగలవచ్చు, లేదా పుల్లీ పూర్తిగా బిగియకపోవచ్చు. పొట్టి బోల్టులు వేయించి, చేత్తో పుల్లీని ఒక పూర్తి చుట్టు తిప్పి చూసుకున్నాకే బెల్టు ఎక్కించండి.

వైరింగ్‌లో పొదుపు చేయవద్దు. ఇంత ఫ్యాన్ 15 నుంచి 20 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది, తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకు రెండింతలకు పైనే లాగుతుంది. అంత కరెంటు డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా గాని, థర్మోస్విచ్ (నీళ్ల వేడిని బట్టి ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) గుండా గాని పోకూడదు. 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఒకటి తెచ్చి, బ్యాటరీ ప్లస్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా దాని మీద 30 అని రాసి ఉన్న టెర్మినల్‌కు, 87 నుంచి ఫ్యాన్‌కు వైరు ఇవ్వండి. 86కు తాళం తిప్పితే వచ్చే కరెంటు, 85కు థర్మోస్విచ్ నుంచి వచ్చే ఎర్త్ (బండి బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు పోయే దారి) చాలు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న వైరు ఎక్కడ ఒరుసుకున్నా దాన్ని కాపాడేది ఏదీ ఉండదు. వైరు 4 చదరపు మిల్లీమీటర్లది తీసుకోండి. రానూ పోనూ 3 మీటర్ల వైరులో 20 ఆంపియర్లు పారితే, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు దాదాపు 0.7 వోల్టు మింగేస్తుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరులో పోయేది 0.3 వోల్టు లోపే. ఫ్యాన్ తిరుగుతుండగా మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గరా, ఫ్యాన్ సాకెట్టు దగ్గరా వోల్టేజి కొలవండి. తేడా అర వోల్టు దాటితే ఎక్కడో జాయింటు వదులుగా ఉందనో, బాడీ ఎర్త్ కింద పెయింటు గీకలేదనో అర్థం.

ఇక ఎన్ని డిగ్రీలు? మీ థర్మోస్టాట్ 82 దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది కనుక, ఇంజను నుంచి నీళ్లు బయటికి వచ్చే పై హోస్ దగ్గర స్విచ్ పెడితే 95 దగ్గర ఆన్ అయ్యి 90 దగ్గర ఆగేది తీసుకోండి. ఆగే అంకె 82 కన్నా తక్కువైతే ఫ్యాన్ ఇక ఎప్పటికీ ఆగదు, ఎందుకంటే అంతకన్నా చల్లబడకుండా వాల్వు అడ్డుకుంటూనే ఉంటుంది. రేడియేటర్ కింది ట్యాంకులో పెడితే అక్కడికి చేరేవి చల్లారిన నీళ్లు కనుక, 87 లేదా 88కి ఆన్ అయ్యేది సరిపోతుంది. ముందు 95 అంటే భయపడతారేమో. రేడియేటర్ మూత సరిగా పట్టి 0.9 బార్ ఒత్తిడి నిలుపుతుంటే, ఉత్త నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. కాబట్టి ఫ్యాన్‌తో పాటు కొత్త మూత కూడా వేయించండి, దాని ఖరీదు ఎంతో ఉండదు. కొన్న స్విచ్‌ను బిగించే ముందు వంటింట్లోనే పరీక్షించుకోవచ్చు: గిన్నెలో నీళ్లు పొయ్యి మీద పెట్టి, అందులో థర్మామీటరూ స్విచ్ కొసా మునిగేలా వేలాడదీసి, స్విచ్‌కు తగిలించిన మల్టీమీటరు బజరు ఎన్ని డిగ్రీలకు మోగుతుందో, చల్లారేటప్పుడు ఎన్ని డిగ్రీలకు ఆగుతుందో రాసుకోండి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. హోస్ పైపును కోసి మధ్యలో దూర్చే అల్యూమినియం గొట్టంలో స్విచ్ బిగించి ఇచ్చారు నాకు ఒక వర్క్‌షాపులో. స్విచ్ వైరును బాడీకి తాకించి ఫ్యాన్ తిప్పి చూపించారు, బాగానే తిరిగింది. రోడ్డు మీద మాత్రం ఒక్కసారి కూడా తిరగలేదు. వేసవి మధ్యాహ్నం దారి పక్కన బానెట్ ఎత్తుకుని నిలబడ్డాక గాని కారణం తట్టలేదు: ఒక టెర్మినల్ ఉన్న స్విచ్ తన బాడీ గుండానే ఎర్త్ తీసుకుంటుంది, కాని ఆ గొట్టానికి రెండు పక్కలా ఉన్నది రబ్బరే. గొట్టం మీద చిన్న స్క్రూ పెట్టి ఇంజను బ్లాకుకు ఒక వైరు లాగగానే ఫ్యాన్ తిరిగింది. రేడియేటర్ ట్యాంకులో బిగించేవారైనా, మరలకు తెల్ల టేపు మందంగా చుట్టి ఎర్త్ తెగ్గొట్టకుండా చూసుకోండి.

ఏసీ ఆన్ చేసినంతసేపూ, నీళ్లు వేడెక్కినా ఎక్కకపోయినా, ఫ్యాన్ తిరగాలి. కంప్రెసర్ క్లచ్‌కు (ఏసీ కంప్రెసర్‌ను ఇంజను బెల్టుతో కలిపే దానికి) పోయే వైరు నుంచి రెండో రిలే ఒకటి నడిపించి, రెండు రిలేల 87లను ఫ్యాన్ దగ్గర కలిపేయండి. అప్పుడు ఏసీ సర్క్యూటూ ఇంజను సర్క్యూటూ ఒకదాని కరెంటు ఒకదానిలోకి రాకుండా ఉంటాయి. చివరగా ఆల్టర్నేటర్, అంటే ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది. రాత్రివేళ హెడ్‌లైట్లకు 10, ఏసీ బ్లోయరుకు మరో 10, క్లచ్, ఇగ్నిషన్, వైపరు కలిపి 10, ఫ్యాన్‌కు 20 వేసుకుంటే 50 ఆంపియర్లు అయ్యాయి. ఆల్టర్నేటర్ మీద రాసిన అంకె ఐడిలింగ్‌లో రాదు, చాలాసార్లు సగమే వస్తుంది. మీది 65 ఆంపియర్ల కన్నా తక్కువదైతే మార్చడం మంచిది. లేకపోతే ట్రాఫిక్‌లో ఇంజను చల్లగా ఉండి బ్యాటరీ దిగిపోతుంది.

ప్రశ్న: నా జీపులో ప్యూజో డీజిల్ ఇంజనుకు టర్బో అమర్చాను. రేడియేటర్ వెనక చోటు లేదు. ముందు వైపు నుంచి గాలి నెట్టే ఫ్యాన్ పెట్టవచ్చా?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: పెట్టవచ్చు గాని, రెండో దారిగానే అనుకోండి. ముందున్న ఫ్యాన్ మోటారూ రెక్కలూ హైవే మీద ఎదురుగాలికి అడ్డు నిలుస్తాయి, పైగా వెనక నుంచి లాగే ఫ్యాన్‌కు ష్రౌడ్ పట్టినంత తేలికగా దీనికి పట్టదు. ముందు పల్చటి మోటారున్న ఫ్యాన్ వెనక పడుతుందేమో కొలిచి చూడండి. తప్పనిసరై ముందే పెడితే, లాగే ఫ్యాన్ వైర్లు తారుమారు చేసి నెట్టే ఫ్యాన్‌గా వాడకండి. రెక్కల వంపు ఒక దిక్కుకే చెక్కి ఉంటుంది. వెనక్కి తిప్పితే తిరుగుతుంది గాని గాలి బాగా తగ్గిపోతుంది. నెట్టడానికే చేసిన రెక్కలు విడిగా దొరుకుతాయి. వాగు దాటేటప్పుడు ఫ్యాన్‌ను ఆపే స్విచ్ ఒకటి డ్యాష్‌బోర్డు మీద పెట్టించుకోండి: నీళ్లలో తిరిగిన రెక్కలు వంగి జాలీని కొయ్యవచ్చు. గట్టెక్కగానే మళ్లీ వెయ్యడం మరవకండి.

ప్రశ్న: జిప్సీకి కరెంటు ఫ్యాన్ పెట్టించాక, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు తాళం తీస్తే ఇంజను వెంటనే ఆగకుండా రెండు క్షణాలు నడుస్తోంది. ఎందుకు?
– వరంగల్ పాఠకుడు

జవాబు: మీ ఫ్యాన్‌కు కరెంటు బ్యాటరీ నుంచి కాక ఇగ్నిషన్ వైరు నుంచే ఇచ్చి ఉంటారు. తాళం తీసినా ఊపు మీద తిరుగుతున్న మోటారు ఆ కొద్దిసేపూ డైనమోలా కరెంటు పుట్టించి, అదే వైరు గుండా ఇగ్నిషన్ కాయిల్‌కు పంపుతోంది. రిలే 30వ టెర్మినల్‌ను ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి మార్చితే ఆగిపోతుంది. తాళం స్విచ్ పాయింట్లు కూడా కాలకుండా మిగులుతాయి.

ప్రశ్న: కరెంటు ఫ్యాన్ వల్ల మైలేజీ పెరుగుతుందా?
– అనంతపురం పాఠకుడు

జవాబు: హైవే మీద కొంత. వేగం రెట్టింపైతే బెల్టు ఫ్యాన్‌ను తిప్పడానికి కావలసిన శక్తి దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది; కరెంటు ఫ్యాన్ ఆ వేగంలో ఆగి ఉంటుంది కనుక ఆ భారం తప్పుతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు మాత్రం ఫ్యాన్‌కు కావలసిన కరెంటును కూడా ఆల్టర్నేటర్ ద్వారా ఇంజనే ఇవ్వాలి, కాబట్టి అక్కడ తేడా ఆశించకండి.