మంచు అడవిలో మూస్ వేట

ప్రశ్న: మన లంకమల కణుజు కంటే చాలా పెద్దదైన మూస్ అనే జింకజాతి జంతువును తుపాకులు లేని కాలంలో ఎలా వేటాడేవారు?
– ఒక పాఠకుడు, బద్వేలు, కడప జిల్లా

జవాబు: అలాస్కా, కెనడా అడవుల్లోని అథబాస్కన్ తెగలవారు దాని జాడ వెంట నేరుగా వెళ్లేవారు కారు. మేత ముగించిన మూస్ వెనక్కి మళ్లి, తన జాడ మీదుగా వచ్చే వాసన గాలివాటున తనకు అందే చోట పడుకుంటుంది కాబట్టి, వారు గాలికి దిగువనుంచి అర్ధచంద్రాకారంగా చుట్టి వస్తూ, మధ్యమధ్య జాడను చూసుకొని, అది కనిపించని చోట జంతువు వెనుకనే ఆగిందని గ్రహించేవారు. ఇంతటి పరిశీలన నిజంగా ఆశ్చర్యం గొలుపుతుంది. శీతాకాలం చివర మంచు పైపొర గట్టిపడితే, 400 కిలోలు దాటే మూస్ కాళ్లు దాన్ని చీల్చుకొని దిగబడతాయి. కర్రచట్రానికి తోలుపట్టీలు అల్లిన వెడల్పాటి మంచుచెప్పులు తొడిగిన మనిషి పైపైనే నడిచి ఈటెతో సమీపించగలడు. శరదృతువులో బిర్చ్ బెరడును గరాటులా చుట్టి, ఆడ మూస్‌లా అరిచి మగదాన్ని రప్పించే పద్ధతీ ఉంది.