డిజిటల్‌లో కొన్న గేమ్‌ని ఫ్రెండ్‌కి ఎందుకు ఇవ్వలేం?

డిస్క్ అయితే ఆడేశాక ఫ్రెండ్‌కి ఇవ్వొచ్చు, సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చు. డిజిటల్ స్టోర్‌లో డబ్బు కడితే మాత్రం మీకు దక్కేది మీ అకౌంట్‌కి ముడిపెట్టిన లైసెన్స్ మాత్రమే, అది ఇంకొకరి పేరు మీదికి మారదు.

పంచుకునే దారులు లేకపోలేదు గానీ చాలా ఇరుకు. సోనీ గేమింగ్ మెషీన్ (కన్సోల్) పీఎస్5లో 'కన్సోల్ షేరింగ్' ఒక్క కన్సోల్‌లోనే ఆన్ చేయగలరు, అందులో ఇంట్లో ఎవరి అకౌంట్‌తోనైనా మీ గేమ్స్ ఆడొచ్చు. నింటెండో స్విచ్‌లో 2025లో వర్చువల్ గేమ్ కార్డులు (డిజిటల్‌లో కొన్న గేమ్‌ని స్క్రీన్ మీద కార్డులా చూపించేవి) వచ్చాయి, వాటిని ఫ్యామిలీ గ్రూపులో ఉన్నవాళ్లకే, అదీ 14 రోజులకే అరువివ్వగలం, ఆ రోజుల్లో మనం ఆ గేమ్ ఆడలేం.

2013లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌కి డిస్కుల మీద కూడా ఆంక్షలు పెట్టాలని చూసింది, 24 గంటలకోసారి ఆన్‌లైన్ చెక్ తప్పనిసరి అంది. గేమర్లు గట్టిగా తిరగబడితే కన్సోల్ మార్కెట్లోకి రాకముందే వెనక్కి తగ్గింది. డిజిటల్ కొనుగోళ్లకీ అలాంటి పట్టుదలే కావాలని నా గట్టి అభిప్రాయం. కాలిఫోర్నియాలో 2025 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, ఇస్తున్నది లైసెన్సేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అని బటన్ పెట్టడం కుదరదు.

అందుకే ఖరీదైన గేమ్ అయితే డిస్క్ తీసుకోండి, డిస్క్ డ్రైవ్ ఉన్న కన్సోల్ కొనండి.