1729 కాకుండా మీకు బాగా నచ్చిన సంఖ్య ఏది? ఎందుకు?

1001. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. 1729ని రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయొచ్చు, ఒప్పుకుంటాను. కానీ అది తెలిశాక దానితో చేసే పనేముంది? 1001 రోజూ పనికొస్తుంది.

ఒకసారి మా అన్నయ్య కొడుకు ఫోన్ పట్టుకుని వచ్చాడు. "బాబాయ్, ఏదైనా మూడంకెల సంఖ్య అనుకో. దాన్నే పక్కన ఇంకోసారి రాయి" అన్నాడు. 358358 రాశాను. ఏడుతో భాగించమన్నాడు, 51194. పదకొండుతో, 4654. పదమూడుతో, మళ్ళీ 358! ఎక్కడా శేషం లేదు. ఎందుకలా వచ్చిందిరా అంటే "మ్యాజిక్" అన్నాడు. ఈ ఫార్వర్డులతో నాకున్న గొడవ ఇదే. చివర్లో పది మందికి పంపమంటారు తప్ప కారణం ఒక్క ముక్క చెప్పరు.

7, 11, 13 గుణించి చూడమన్నాను. 1001 వచ్చింది. ఇప్పుడు 358ని దానితో గుణించమంటే కాసేపు కాగితం కేసి చూసి, "అంటే పక్కన రాయడమంటే గుణించడమేనా? మళ్ళీ దాంతోనే భాగించమంటున్నాడా? మోసం!" అన్నాడు. ఆ వెంటనే నాలుగంకెలైతే ఎలా అని అడిగాడు. అప్పుడు 10001 కావాలి, అది 73 × 137. ఆ ఎక్కాలు ఎవరికొచ్చు? రెండంకెలకైతే 101, అది ప్రధాన సంఖ్య, విడగొట్టడానికే లేదు. మూడంకెలకే ఆట కుదిరింది.

ఏడుతో భాగహారం గురించి కూడా చెప్పాలి. చివరి అంకెను రెట్టింపు చేసి మిగతాదాంట్లోంచి తీసెయ్యమని నేర్పుతారు. ఏడంకెల సంఖ్యకి అలా చేస్తూ కూర్చుంటే భాగించేయడమే నయం. 4321961 తీసుకోండి. కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకటి కూడి ఒకటి తీసేస్తూ పోండి: 961 − 321 + 4 = 644. 644 ఏడుతో పోతుంది కాబట్టి అసలు సంఖ్యా పోతుంది. 11కీ 13కీ ఇదే 644 చాలు. వాటితో ఇది పోదు, కనుక అసలు సంఖ్యా పోదు. 7, 11, 13 మూడూ 1001ని భాగిస్తాయి కాబట్టి ఒకే లెక్కతో మూడు జవాబులు. దీన్ని ఎందుకు నేర్పరో నాకు అర్థం కాదు.

1/7 = 0.142857... కదా, 142 + 857 = 999. ఇదీ 1001 పనే. 1001 ఏడుతో పోతుంది కాబట్టి, ఒకటి తక్కువైన 1000ని ఏడుతో భాగిస్తే శేషం 6. అందుకే మూడంకెలయ్యాక మిగిలేది 6/7 దశాంశం. 1/7, 6/7 కలిస్తే 1, అంటే అన్నీ తొమ్మిదులే. 1/13 = 0.076923..., 076 + 923 కూడా 999. 142857 అద్భుతం అంటూ వీడియోలు చేసేవాళ్ళు మాత్రం 1001 పేరే ఎత్తరు.